మడమ కింద సందు

పాదం, చీలమండ ఆపరేషన్లలో ప్రత్యేక శిక్షణకి వెళ్ళబోయే కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ పుస్తకాలు చదవాలి, ఎవరి దగ్గర చేరితే బాగుంటుంది అని అడుగుతారు. కాఫీ ఇస్తాను. తెలిసిన నాలుగు పేర్లు చెబుతాను. అసలు చెప్పాలనుకున్న మాట మాత్రం గొంతులోనే ఉండిపోతుంది. వాళ్ళు వెళ్ళేటప్పుడు గుమ్మం బయట వంగి బూట్లు తొడుక్కుంటుంటే చూస్తూ నిలబడతాను. నేను చెప్పాల్సిందంతా ఆ గుమ్మం దగ్గరే ఉంది. నోటితో చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. రాయడం కాస్త నయం.

నేను ఎప్పుడు ఏ హోదాకి వెళ్ళానో ఇందులో ఉండదు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. ఒక మడమ గురించి రాస్తాను.

పాదాలు నా వంతుకి ఎలా వచ్చాయి

మాది యానాం. డెబ్భైల్లో వైద్యం చదవడానికి పుదుచ్చేరి వచ్చి, ఎముకల విభాగంలో చేరాను. విభాగంలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఎవరు ఏ రోగిని చూడాలో సోమవారం పొద్దున్నే పంచుకునేవాళ్ళం. గొంతు ఉన్నవాళ్ళు తుంటి, వెన్ను, మోకాలు తీసుకునేవాళ్ళు. మిగిలినవి పాదాలు. నాకు గొంతు లేదు కాబట్టి పాదాలు వచ్చాయి.

బాధపడలేదు. ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడాలంటే చెమటలు పట్టే నాకు, పొట్టి స్టూలు మీద తల వంచుకుని చేసే పని దొరికింది. పాదాలతో నాకు సిగ్గు ఉండేది కాదు. గోళ్ళ సందుల్లో ఏ నేల మట్టి ఉందో, మెట్టె ఏ వేలిని నొక్కుతోందో, చెప్పు పట్టీ ఎక్కడ కాయ కాయించిందో చూస్తూ గంటలు గడిపేదాన్ని. నెల్లితోపులో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. సాయంత్రం గదికి చేరి, యానాం నుంచి తెచ్చుకున్న నవలలు చదివిందే చదివి, డైరీ రాసుకునేదాన్ని. నా డైరీలో మనుషుల కన్నా పాదాలే ఎక్కువ.

మా గ్రంథాలయంలో పాదాల మీద ఒకే ఒక పెద్ద పుస్తకం ఉండేది, విదేశాలది. అందులో బొమ్మల్లోని పాదాలు తెల్లగా, మెత్తగా, వేళ్ళు ఒకదానికొకటి ఒదిగి ఉండేవి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బూట్లలో పెరిగిన పాదాలు. నా స్టూలు ముందుకి వచ్చేవి వేళ్ళు విప్పారి, మడమలు పగిలి ఉండేవి. తేడా కంటికి కనబడుతూనే ఉంది. దానికి అర్థమేమిటో మాకెవరికీ తట్టలేదు.

సుందరేశన్ సారు

మా పెద్ద డాక్టరు సుందరేశన్ గారు తంజావూరు వైపు మనిషి. విదేశంలో పాదాల ఆపరేషన్లు నేర్చుకుని వచ్చారు. తిరిగొచ్చాక నెలకో శనివారం, చుట్టుపక్కల ఊళ్ళ ఆస్పత్రుల నుంచి ఎముకల సర్జన్లని పిలిచి పాదం మీద శిక్షణ పెట్టేవారు. అప్పట్లో అలాంటి శిక్షణ ఒకటుంటుందని కూడా చాలామందికి తెలీదు. "పాదానికి శిక్షణ ఏమిటి, బూటు కొనుక్కుంటే చాలదా" అని పక్క విభాగం వాళ్ళు నవ్వేవాళ్ళు.

సారు కోపిష్టి. తమిళంలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించేవారు. నన్ను ఊరి పేరుతోనే పిలిచేవారు. "యానాం! రోగి గురించి మాకు చెప్తున్నావా, నేలకి చెప్తున్నావా? నేల వింటోంది, మాకే వినబడట్లేదు." అందరూ నవ్వేవాళ్ళు. నేను ఇంకా తల వంచేసుకునేదాన్ని.

కాని ఆయన గురించి ఇంకొకటి కూడా రాయాలి. ఎంత పుండు పడిన పాదమైనా ముందు తన ఒళ్ళో పెట్టుకునేవారు. పరీక్ష ఆ తరవాత. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు మీద మట్టి పాదం పెట్టాలంటే రోగులు వణికిపోయేవాళ్ళు. "పెట్టమ్మా, ఉతికితే పోతుంది" అనేవారు. బాసు మీద కోపం వచ్చినప్పుడల్లా ఆయన ప్యాంటు మీది మరకలు గుర్తుచేసుకునేదాన్ని. మీకూ అలాంటి బాసు దొరికితే అరుపులు భరించండి. మృదువుగా మాట్లాడుతూ రోగిని బల్ల అవతలినుంచి చూసే బాసు దగ్గర మీరు నేర్చుకునేది తక్కువ.

ఏంబలం ఆండాళమ్మ

ఎనభైల మొదట్లో ఒక రోజు పుదుచ్చేరి పక్క పల్లె ఏంబలం నుంచి ఒక రైతు ఇంటి కోడలు వచ్చింది. ముప్పై దాటిన మనిషి. వేరుశెనగ బండి మీదనుంచి దిగుతూ జారి చీలమండ విరిగింది. ఊళ్ళో నాటు కట్టు కట్టించారు. ఎముక వంకరగా అతుక్కుని, కీలు అరిగిపోయింది. ఆమెతో మాట్లాడమని సారు నన్ను పిలిచారు, తెలుగువాళ్ళని తెలిసి. తమిళం వచ్చినా నొప్పి సంగతి ఇంటి భాషలోనే బాగా చెప్పుకుంటారని ఆయన అనేవారు.

వాళ్ళ వంశం ఆ నేల మీదికి వచ్చి ఎన్ని తరాలైందో వాళ్ళకే తెలీదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చదువు తమిళంలో. నా గోదావరి యాస విని ఆండాళమ్మ నొప్పి మరిచిపోయి నవ్వింది.

"మాట మాటకీ అండీ అంటావేంది డాక్టరమ్మా? నేనేమన్నా కలెక్టరునా?"

"నొప్పి ఎక్కడ, అక్కా?"

"యాడని చెప్పేది? కాలు నేల మీద పెడితే చాలు, పానం పోతాది. కొంజం కొంజం కాదు, శానా."

ఆమెకి కావలసింది ఏమిటో మొదటి రోజే చెప్పింది. ఏంబలంలో ఆడవాళ్ళు నాట్లు వేసేటప్పుడు వరసకి మొదట నిలబడేది ఆమే. ఆమె ఏ చాలు పట్టి వెనక్కి నడిస్తే మిగతావాళ్ళు ఆ చాలే. కాలు విరిగినప్పటినుంచీ ఆ చోట ఇంకెవరో నిలబడుతున్నారు.

"నేను గట్టు మీద కూచోని నారు కట్టలు అందిస్తా ఉండా, ముసిలిదాని మాదిరి."

పక్కనే ఉన్న అత్తగారు చెంగమ్మ ఊరుకోలేదు. "ముసిలిదాన్ని నేనుండా కదంటే? నా పని లాక్కునేదానికి నీకేం వచ్చె!"

చెంగమ్మకి చూపు బాగా మందగించింది. వెలుతురు, నీడ తెలుస్తాయి. ఆండాళమ్మ భర్తకి మేట్టుపాళయం ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఇల్లు, గొడ్లు, అత్త, వరి పండే కయ్య అన్నీ ఆ ఒక్క మనిషి కాళ్ళ మీద నడిచే కొంప. ఆ కాళ్ళలో ఒకటి మా దగ్గరికి వచ్చింది.

సారు కీలు బిగించేయాలని నిర్ణయించారు. అంటే అరిగిన కీలుని తీసేసి, కింది ఎముక, పై ఎముక ఒక్కటిగా అతుక్కునేలా చేయడం. నొప్పి పోతుంది. చీలమండ ఇక కదలదు. గొంతుక్కూర్చోవడం కుదరదు. కలుపు తీయాలంటే చిన్న పీట వేసుకోవాల్సిందే. ఇదంతా నేను తెలుగులో వివరంగా చెప్పాను. మీరూ చెప్పండి. మనం నొప్పి ఒక్కటే తీసేయం, దానితోపాటు ఇంకేదో కూడా తీసేస్తాం. అదేమిటో రోగికి ముందే తెలియాలి.

"నిలబడతానా?" అని మాత్రం అడిగింది.

"నిలబడతావు."

కీలుని ఏ కోణంలో బిగించాలన్నది అసలు ప్రశ్న. ఒకసారి అతుక్కున్నాక మార్చడానికి ఉండదు. ఆడవాళ్ళకి మునివేళ్ళు కొంచెం కిందికి వంగేటట్టు బిగించమంది పుస్తకం, మడమ ఎత్తు ఉన్న చెప్పులో పాదం చక్కగా అమరుతుందని. సారు అలాగే చేశారు. ఆ కోణంలో పాదాన్ని కదలకుండా పట్టుకున్న చేతులు నావి.

ఎముక అందంగా అతుక్కుంది. మడమ ఎత్తుగా ఉన్న చెప్పుల జత చేయించి ఇచ్చాం. వరండాలో ఆండాళమ్మ ఆ చెప్పులతో ఈ చివరినుంచి ఆ చివరికి కుంటకుండా నడిచింది. శిక్షణకి వచ్చిన సర్జన్లు చప్పట్లు కొట్టారు. ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుమ్మం

కొన్ని నెలలకి మళ్ళీ వచ్చింది. ఈసారి మోకాలి వెనక నొప్పి. ఎక్స్‌రే తీస్తే చీలమండ భేషుగ్గా ఉంది. నడిపిస్తే వరండాలో బాగానే నడిచింది. మామూలుగా రోగులు చెప్పులు బయటే వదిలి మా గదిలోకి వస్తారు. ఈమెకి మాత్రం చెప్పులతోనే రమ్మని సారు ప్రత్యేకంగా చెప్పి ఉంచారు. అవి మేము చేయించినవి కదా.

"మోకాలికి కసరత్తు చెప్పాం కదా, చేసి ఉండదు" అన్నారు సారు. "చెప్పు తియ్యకుండా నడవమని చెప్పు, యానాం."

చెప్పాను. ఆండాళమ్మ తలూపింది. కాని ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. మనల్ని నొప్పించడం ఇష్టం లేక రోగులు అలా తల ఊపుతారు. ఆ ఊపు గుర్తుపట్టడం నేర్చుకోండి.

వెళ్తూ వెళ్తూ ఆదివారం భోజనానికి రమ్మంది. నేను ఎవరింటికీ వెళ్ళే మనిషిని కాను. ఎందుకో ఆ ఆదివారం ఏంబలం బస్సు ఎక్కాను.

వీధిలో ఎదురొచ్చింది, చెప్పులతో, తిన్నగా నడుస్తూ. ఇంటి ముందు ముగ్గు దాటగానే అరుగు పక్కన చెప్పులు విడిచింది. నేనూ విడిచాను. లోపలికి అడుగు పెట్టిందో లేదో, మనిషి మారిపోయింది. మడమ నేలకి ఆనాలంటే మోకాలు వెనక్కి విల్లులా వంగుతోంది. మోకాలు నిలుపుకుంటే మడమ గాల్లోకి లేస్తోంది. వంటింట్లోకి, పెరట్లోకి, గొడ్ల దగ్గరికి రోజంతా ఆ నడకే. ఆ ఎత్తు చెప్పు వీధికీ, బస్సుకీ, మా ఆస్పత్రికీ.

"అక్కా, చెప్పులు తియ్యొద్దని చెప్పాం కదండీ?"

ఆండాళమ్మ జవాబు చెప్పేలోపే చెంగమ్మ అందుకుంది. "ఏసుకోని యాడికి పొమ్మంటావు పాపా? పొయ్యి కాడికా? సామి గదిలోకా? కయ్యలోకా? నువ్వేంది, మీ యానాంలో చెప్పులు ఏసుకోని అన్నం వొండుతారా?"

మా యానాంలోనూ ఎవరూ అలా చేయరు. సుందరేశన్ సారు ఇంట్లోనూ చేయరు. గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండా పెరిగిన సర్జను మా విభాగంలో ఒక్కరు లేరు. అయినా ఇంగ్లీషు పుస్తకం చేతికి రాగానే మా ఇంటి గుమ్మాన్నే మరిచిపోయాం.

చెంగమ్మ తడుముకుంటూ వచ్చి కోడలి కాలి దగ్గర కూలబడింది. "నిలబడవే, మోకాలు తిన్నంగా పెట్టు." వేళ్ళు మడమ కిందికి పోనిచ్చింది. లోపలికి పోయాయి. "చూసినావా? ఎలక దూరే సందు ఉండాది."

"అయ్యో, నా కాలు ముట్టుకుంటావేంది అత్తా!" ఆండాళమ్మ కాలు లాక్కుంది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాలు పట్టుకోకూడదు కదా.

"కళ్ళు లేనోళ్ళకి చేతులే కళ్ళు. అరవగాకు."

నాకు వడ్డిస్తూ ఆండాళమ్మ నెమ్మదిగా అడిగింది. "నాట్లు వస్తా ఉండాయి. ఇట్టనే ఉంటాదా డాక్టరమ్మా, నా కాలు?"

చాప

మర్నాడు సారు గదికి వెళ్ళాను. "సార్, ఆండాళమ్మని చెప్పుల్లేకుండా..." అన్నాను.

ఆయన ఎక్స్‌రే నుంచి తల తిప్పలేదు. "శనివారం శిక్షణలో చూపించు. నీ గొంతు అక్కడిదాకా వినబడితే."

వినబడదని నాకు తెలుసు. ఊరూరి నుంచి వచ్చిన సర్జన్ల ముందు నిలబడి, సారు బిగించిన కోణం తప్పని నేను చెప్పడం జరిగే పని కాదు. డైరీలో ఆ వాక్యం రాసి కొట్టేశాను.

శనివారం పొద్దున నా గదిలో పడుకునే చాప చుట్టి చంకన పెట్టుకుని బస్సు ఎక్కాను. రోజూ నన్ను చూసే కండక్టరు, "ఏమ్మా, ఆస్పత్రిలో మంచాలు చాలట్లేదా, డాక్టర్లే చాపలు మోసుకుపోతున్నారు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

శిక్షణ గది మధ్యలో, బల్లలు పక్కకి జరిపించి, చాప పరిచాను. ముందే కబురు పెట్టి రప్పించిన ఆండాళమ్మని పిలిచాను. పొద్దుటినుంచీ మనసులో వల్లించుకున్న మాట ఒక్కటే నోటికి వచ్చింది.

"సార్, ఈవిడ ఇంట్లో నడిచినట్టు నడుస్తారు."

ఆండాళమ్మ ఎత్తు చెప్పులతో టకటకా వచ్చింది. చాప అంచు దాకా వచ్చి ఆగింది. ఎవరూ చెప్పలేదు. చాప మీద చెప్పులతో ఎవరు అడుగు పెడతారు? విడిచేసి చాప ఎక్కింది. నడిచింది. మోకాలు వెనక్కి విరిగినట్టు వంగింది. మడమ లేచింది, ఆనింది, మళ్ళీ లేచింది.

వెనక కూర్చున్న సర్జన్లు లేచి నిలబడి చూశారు.

సుందరేశన్ సారు ముందుకి వచ్చారు. ఆయన బూటు చాప అంచు దగ్గర ఆగిపోయింది. ఒక్క క్షణం ఆ బూటునీ, చాపనీ చూశారు. వంగి బూట్లు విప్పారు, మేజోళ్ళు విప్పారు, ప్యాంటు మడిచి ఉత్త కాళ్ళతో చాప మీదికి వచ్చారు. ఆండాళమ్మ పక్కన నిలబడి, తన కుడి మడమ ఆమె మడమంత ఎత్తుకి లేపి, అలాగే నాలుగు అడుగులు వేయబోయారు. తూలిపడబోతే ఆమే చెయ్యి పట్టుకుని ఆపింది.

"పైలం సారూ. మొదట్లో అట్టనే ఉంటాది. పోనుపోను అలవాటైపోతాది."

సారు అక్కడే చాప మీద చతికిలబడ్డారు. ఆమె పాదం తన ఒళ్ళో పెట్టుకున్నారు. అందరికీ వినబడేలా, కాని అరవకుండా చెప్పారు. "కోణం నేను తప్పు పెట్టాను. ఈ పాదానికి కాదు, ఎవరిదో బూటుకి ఆపరేషన్ చేశాను. యానాం, ఆమెకి తెలుగులో చెప్పు. మళ్ళీ కొయ్యాలి. ముందువైపు నుంచి చిన్న ముక్క తీసి, పాదం తిన్నగా నిలబెట్టాలి. వద్దంటే వద్దనే హక్కు ఆమెకి ఉంది."

చెప్పాను. నా గొంతు గది చివరిదాకా వినబడిందని తరవాత ఎవరో అన్నారు. నాకు తెలీదు.

ఆండాళమ్మ పాదం వైపు చూసింది. ఇంకోసారి కట్టు, ఇంకోసారి మంచం, ఇంకో నాట్ల కాలం గట్టు మీదే. అవన్నీ ఆమె ముఖంలో కనబడ్డాయి. ఆ రోజు మాత్రం నేను తల వంచుకోలేదు.

"కోయండి. ఈ సారి చెప్పుకి వొద్దు, మన్నుకి కోయండి. నా మడమకి మన్ను తగిలి శానా దినాలాయె."

నేను తెలుగు నుంచి మార్చి చెప్పబోతే సారు చెయ్యి ఎత్తి ఆపారు. ఆయనకి అర్థమైంది.

రెండో ఆపరేషన్‌లో, కడ్డీలు బిగించే ముందు, సారు నన్ను పిలిచి గ్లౌజు వేసుకున్న నా అరచేతిని నేలలాగా ఆమె పాదం కింద పెట్టమన్నారు. "సందు ఉందా?" అని అడిగారు. "కొంచెం ఉంది సార్" అన్నాను. సరిచేశారు. మళ్ళీ అడిగారు. "లేదు సార్." అప్పుడే మర బిగించారు. ఆ తరవాత మా శిక్షణ గదిలో చాప తీయలేదు. ఎంత పెద్ద సర్జనైనా గుమ్మం దగ్గర బూట్లు విప్పి, తన పాదం ముందు చూసుకుని, ఆపైన రోగి పాదం చూడాల్సిందే. కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. సారు వాళ్ళని పేర్లతో కాక వాళ్ళ కాలి కాయలతో పిలిచి నవ్వు ఆపించేవారు.

నాట్లు

ఆ నాట్ల కాలం ఆండాళమ్మ గట్టు మీదే గడిపింది. ఆ మరుసటి నాట్లకి నాకు కబురు వచ్చింది. వెళ్ళాను.

ఆండాళమ్మ వరసలో మొదట ఉంది. చీర ఎగ్గట్టి, నడుం వంచి, నారు గుచ్చుతూ వెనక్కి అడుగు వేస్తోంది. బురదలోంచి ఆ కాలు పైకి తీసేటప్పుడు మిగతావాళ్ళ కన్నా కాస్త ఆలస్యమవుతోంది. వాళ్ళు ఆగుతున్నారు. ఆమె చాలు పడ్డాకే కదులుతున్నారు. గట్టు మీద నారు కట్టల మధ్య చెంగమ్మ కూర్చుని ఉంది. తన పని తనకి తిరిగి వచ్చిందని నాతో గొప్పలు చెప్పుకుంది.

మధ్యాహ్నం కూడు వేళకి అందరూ గట్టెక్కారు. చెంగమ్మ పిలిచింది.

"ఆండాళూ, ఇట్టా రావే. నిలబడు. మోకాలు తిన్నంగా."

బురద కాలితో వచ్చి నిలబడింది. చెంగమ్మ వంగి, వేళ్ళు మడమ కిందికి తోసింది. తడి మట్టి, మడమ. ఈ పక్కనుంచి తోసింది, ఆ పక్కనుంచి తోసింది. వేళ్ళు ఎటూ పోలేదు.

"ఎలక ఇల్లు మూసేసినారు పాపా" అంది, నేను ఉన్నాననుకున్న వైపు ముఖం తిప్పి.

తరవాత కూడా చెయ్యి తీయలేదు. మట్టీ పాదమూ కలిపి అలాగే పట్టుకుని కూర్చుంది. ఈసారి ఆండాళమ్మ కాలు లాక్కోలేదు.